గీత దాటే క్షణం కోసం వేంపల్లె గుట్టకు

రష్యావాళ్ళు రెండో ఉపగ్రహాన్ని పంపిన ఈ శీతాకాలంలో, కర్నూలులోని మా కాలేజీకి ఒక వేధశాల తన దుర్భిణిని అరువిచ్చింది. బదులుగా విద్యార్థులు ఉపగ్రహం దారిని కొలిచి పంపాలి. ఒకే సాయంత్రం రెండు దూరపు చోట్ల నుంచి కొలిస్తే దాని ఎత్తు లెక్కకు అందుతుంది. ఒక జట్టు కర్నూలులోనే ఉండిపోయింది. రెండో జట్టు కడప జిల్లా వేంపల్లె దగ్గరి గుట్టకు వెళ్ళాలి. మాది తప్పితే వాళ్ళ కొలత కూడా వృథా. దుర్భిణి మరో కాలేజీకి పోతుంది. మా జట్టులో భౌతికశాస్త్రం మాస్టారు, ఆడపిల్లనని నాకు తోడుగా ఆయన భార్య రంగమ్మగారు, నా సహాధ్యాయి సుబ్బరాయుడు, నేను.

తెల్లవారుజామున బయలుదేరే బస్సు నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా మధ్యాహ్నం దాటాక కడప చేరుతుంది. ఛార్జీ నాలుగు రూపాయల లోపే. దుర్భిణి పెట్టెను పైకెక్కించాలని కండక్టరు పట్టుబట్టాడు.

"చంటిబిడ్డ మాదిరి వొళ్ళో పెట్టుకుంటాంలే నాయనా" అన్నారు రంగమ్మగారు.

"అట్లనే పెట్టుకోమ్మా. యాడ్సకుంటే చాలు, టికెట్టు కొట్టనులే" అన్నాడతను.

ఆ రాత్రి కడపలో రంగమ్మగారి చెల్లెలి ఇంట్లో ఆగాం. మర్నాడు ఉదయం రేడియో వేళతో గడియారం సరిచేసుకుని వేంపల్లె బస్సెక్కాం. ఊళ్ళో సంగటి, శెనక్కాయల ఊరుబిండి పచ్చడి తిని, ఎద్దులబండిలో గుట్ట చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది.

దుర్భిణి అద్దంలో ఒక నిలువు గీత ఉంటుంది. ఉపగ్రహం దాన్ని దాటగానే నేను "ఇప్పుడు" అని అరవాలి. సుబ్బరాయుడు గడియారం చూసి వేళ రాసుకోవాలి. లాంతరు వెలుగు నా కంట్లో పడకూడదు కనుక అతను గుట్టకు అవతలి వైపు కూర్చున్నాడు. ఒకసారి అరిచి చూశాను.

కాసేపాగి సుబ్బరాయుడు లేచి వచ్చాడు. "మీరేమన్నా అన్నారా?"

నేను చదివిన కాన్వెంటులో ఆడపిల్ల గొంతు పక్క బెంచీకి వినిపిస్తే తప్పు. నాకు అదే అలవాటు. రెండోసారీ అతనికి వినపడలేదు.

"సాయంత్రానికి గొంతు రాకపోతే మీరిద్దరూ చోట్లు మారండమ్మా" అన్నారు మాస్టారు. ఆయనకు చీకట్లో చూపు ఆనదు. నెలరోజులుగా దుర్భిణితో సాధన చేసింది నేను. సుబ్బరాయుడు అందులో కన్ను పెట్టి కూడా ఎరగడు.

ఎవరూ చూడకుండా గుట్ట దిగి జొన్నచేని పక్కకు వెళ్ళి అరుస్తున్నాను. మంచె మీద పిట్టలు తోలుతున్న ఓబులమ్మ అనే ఆవిడ పిలిచింది.

"ఎవురమ్మా నువ్వు? ఈడ ఏం చేస్తాండావు?"

చెప్పాను.

"ఈ గొంతుకు పిచ్చుక గూడా లేయదు తల్లీ! ఎవురన్నా ఇంటారేమోనని భయపడుకుంటా అరుస్తాండావు. ఇనాలనే గదా అరిచేది!"

నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఇంకోసారి అరిచాను. చేను చివర నాలుగు పిట్టలు లేచాయి. "ఇంగ పో. శానా మేలు" అంది ఓబులమ్మ.

పొద్దు గూకాక పడమట వెలుగు ఇంకా ఉండగానే అది కనిపించింది. ఏ చప్పుడూ లేకుండా, తొందర లేకుండా వస్తున్న తెల్లని చుక్క. గీతకు ఆనింది. దాటింది.

"ఇప్పుడు!"

కింద చేలల్లోంచి ఎవరో "ఎవురప్పా అది?" అని కేకేశారు. గుట్ట అవతల నుంచి సుబ్బరాయుడు, "వినపడింది సార్! వేళ రాసుకున్నా!" అన్నాడు. మాస్టారు లాంతరు తెచ్చి దుర్భిణి కోణం చదివారు.

కర్నూలు తిరిగొచ్చి రెండు జట్ల కొలతలూ పక్కపక్కన పెట్టి, సంవర్గమానాల పట్టికతో రెండు రోజులు లెక్క చేశాం. తరగతిలో చేసే ప్రతి లెక్కకూ పుస్తకం చివర జవాబు ఉంటుంది. దీనికి లేదు. ఆ జవాబు కోసం వేధశాలవాళ్ళే మా వైపు చూస్తున్నారు. విద్యార్థికి ఇంతకంటే పెద్ద మేలు ఏముంటుందో నాకు తెలియదు. దుర్భిణిని మరో ఏడాది ఉంచుకోమని వాళ్ళు రాశారు. ఈసారి దాని దగ్గర ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న మా తరగతిలో రాలేదు.

మీ కాలేజీవాళ్ళు ఇలాంటి పనికి వెళ్తే ఒక్క మాట. దుర్భిణికీ గడియారానికీ చోట్లు చూసుకున్నాక, పగలే ఒకసారి గట్టిగా అరిచి, అవతలివాళ్ళకు వినపడిందో లేదో తెలుసుకోండి.