చప్పుడు లేని ఇంజను

ఆయన అసలు పేరు పక్క కొట్టులో టైర్లు అమ్మేవాడికి కూడా తెలియదు. అందరికీ చెవి మేస్త్రి. కారు బాగాలేదని ఎవరైనా వస్తే, పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజనుకు తాకించి, పిడిని చెవికి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. కాసేపటికి "మూడో సిలిండర్లో వాల్వు వదులైంది" అంటాడు. విప్పి చూస్తే అదే. ఈ విద్య గురించి ఆయనకు గర్వం లేదంటే అబద్ధం. ఎదుటివాళ్ళు కారు రోగం చెప్పబోతే "మీరాగండి, బండిని మాట్లాడనివ్వండి" అని నోరు మూయించేవాడు.

షెడ్డులో సగం ఆయనది, సగం ఆయన భార్యది. ఆవిడ కార్ల సీట్లు కుడుతుంది. తోలు చుట్టలు, స్పాంజి పలకలు, బల్లంత కుట్టుమిషను, ఇదీ ఆవిడ రాజ్యం. మధ్యలో గోడేమీ లేదు. అయినా ఈమధ్య ఇద్దరికీ మాటలు తగ్గిపోయాయి. ఆవిడ పిలిస్తే ఒక్కోసారి ఆయన పలకడు. పని ఎక్కువై పొగరెక్కింది కాబోలనుకుని ఆవిడా పిలవడం మానేసింది. భోజనం వేళకు టిఫిన్ డబ్బా తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళిపోయేది.

అలాంటి రోజుల్లో ఒకనాడు, షెడ్డులో మేస్త్రి రేడియో మోగుతుంటే, టైర్లవాడు తన కొట్టులోంచే అరిచాడు. "ఆ రేడియో కాస్త తగ్గించవయ్యా మేస్త్రీ! నీ చెవికేమైనా తుప్పు పట్టిందా?"

నవ్వుతూ అన్న మాటే. మేస్త్రి మాత్రం ఒంటికాలిమీద లేచాడు. ఇద్దరూ నానా మాటలూ అనుకున్నారు. ఆ తర్వాత రేడియో దగ్గరికి వెళ్ళి, అది నిజంగానే చివరిదాకా తిప్పి ఉండడం చూశాడు. చెవి పోతే ఇక చెవి మేస్త్రి ఎక్కడ?

ఆ వారంలోనే డాక్టరమ్మ కారు వచ్చింది. ఆవిడ చిన్నపిల్లల డాక్టరుగా చేసి మానుకున్న మనిషి. కారు ఆవిడ తాతగారిది. బోనెట్ ఒక్కటే మంచమంత పొడవు. ముందు దీపాలు ఇత్తడి గంగాళాల్లా ఉన్నాయి. లారీ మీంచి దాన్ని దించుతుంటే టైర్లవాడు కోపం కూడా మరిచిపోయి వచ్చి నోరు వెళ్ళబెట్టుకుని చూశాడు.

"ఆ రోజుల్లో ఇలాంటి కారు పూర్తిగా తయారై వచ్చేది కాదు మేస్త్రీ" అంది డాక్టరమ్మ. "కంపెనీవాళ్ళు ఇంజనూ చక్రాలూ ఉన్న చట్రం మాత్రం ఇచ్చేవాళ్ళు. పైన ఒళ్ళంతా వేరేవాళ్ళ దగ్గర కట్టించుకోవాలి. మా తాతగారిది కట్టడానికి ఏడాది పట్టిందట. ఇలాంటివి ఇప్పుడు నడిచేవి వేళ్ళమీద లెక్కపెట్టచ్చు."

సీటు చిరుగులోకి వేలు పెట్టి చూస్తున్న మేస్త్రి భార్య ఉలిక్కిపడింది. "ఇందులో స్పాంజి లేదమ్మా, గుర్రపు వెంట్రుకలు!" తలుపు లోపలి తోలు ఎత్తి చూస్తే అంతా చెక్క ఎముకలే. ఆ చెక్కమీదే అల్యూమినియం రేకుని సుత్తితో కొట్టి వంచి తొడిగారు.

"పొగ వస్తోందని ఇద్దరు ముగ్గురు మెకానిక్కులు చూశారు. ఇప్పుడేమో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజను బిగుసుకుపోతోంది. తాతగారికి కారులో నిద్రపోవడం అలవాటు, అందుకే చప్పుడు లేని కారు కావాలని ఏరికోరి కొన్నారట" అంది డాక్టరమ్మ.

మేస్త్రి తలాడించాడు కానీ ఆ మాట చెవికెక్కించుకోలేదు. కారున్న ప్రతివాళ్ళూ తమ కారు చప్పుడు చేయదనే అంటారు. హ్యాండిల్ తిప్పి ఇంజను ఆడించాడు. స్క్రూడ్రైవర్ ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

ఏమీ లేదు. లోపలెక్కడో నీళ్ళు పారుతున్నట్టు మెత్తని గుసగుస ఉంది, అంతే. ప్రతి ఇంజనులోనూ వాల్వులు తెరుచుకుని మూసుకునేటప్పుడు వచ్చే టకటక లేదు. చోటు మార్చాడు. చెవి మార్చాడు. లేదు.

భార్యను పిలిచి "నీకేమైనా వినపడుతోందా?" అని ఒక్క మాట అడిగితే తేలిపోయేది. దానికంటే ప్రాణం పోవడం నయమనిపించింది ఆయనకు. "నిదానంగా చూడాలమ్మా, వదిలి వెళ్ళండి" అని డాక్టరమ్మను పంపేశాడు.

ఆవిడ అటు వెళ్ళగానే, బయట ఆగి ఉన్న లారీ డ్రైవర్ని బతిమాలి ఇంజను వేయించి దానికి స్క్రూడ్రైవర్ ఆనించాడు. టకటకటక! ఒక్కో వాల్వునూ పేరు పెట్టి పిలవచ్చు, అంత స్పష్టంగా ఉంది. చెవి పోతే లారీకీ పోవాలిగా? కారుకి మాత్రమే ఎలా పోతుంది? అక్కడ భయం పక్కకి తప్పుకుని కుతూహలం పట్టుకుంది. ఈ ఇంజను కడుపులో ఏముందో చూస్తేగానీ అన్నం సయించదనిపించింది. డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఇంజను విప్పడానికి ఒప్పించాడు.

విప్పాడు. ఇంజను పైమూత తీశాక వాల్వుల కోసం వెతికాడు. ఒక్క వాల్వు కూడా లేదు. స్ప్రింగులూ లేవు. సిలిండర్లో పిస్టన్ చుట్టూ పల్చటి ఇనప గొట్టం, దాని చుట్టూ ఇంకో గొట్టం, రెండింటికీ పక్కన చీలికలు. చేత్తో ఇంజనును మెల్లగా తిప్పాడు. రెండు గొట్టాలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పైకీ కిందికీ జారాయి. చీలికలు ఎదురెదురుగా వచ్చినప్పుడు గాలి వచ్చిపోయే దారి తెరుచుకుంది, పక్కకి జరిగినప్పుడు మూసుకుంది. వాల్వులు చేసే పనే, టకటక లేకుండా.

"ఇటు రా! ఇటొచ్చి చూడు!" అని కేకేశాడు. ఎన్నాళ్ళకో విన్న ఆ పిలుపుకి భార్య కత్తెర పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"చొక్కా చేతికి లోపల లైనింగ్ వేసినట్టుందే" అంది వంగి చూస్తూ. "రెండూ జారుతున్నాయి. మరి అరిగిపోవా?"

"అదీ అడగాల్సిన మాట! మధ్యలో ఆయిల్ ఉండాలి. ఆ ఆయిల్ కాస్త మండుతుంది కాబట్టి పొగ వస్తుంది. అది రోగం కాదు, దాని తత్వం. పొగ ఆపుతానని ఎవడో మహానుభావుడు ఆయిల్ దారికి రేకుముక్క అడ్డం పెట్టాడు చూడు. అందుకే బిగుసుకుపోతోంది."

ఆ పూటంతా ఆయన కాళ్ళు నేలమీద లేవు. లోపం తన చెవిది కాదు! అసలు అక్కడ లేని చప్పుడు కోసం వెతికాడు, అంతే. వెళ్ళి టైర్లవాడికి టీ ఇప్పించి, "నా చెవికి తుప్పు పట్టలేదోయ్" అని చెప్పి వచ్చాడు. ఆ సంబరం ఎందుకో అతనికి అర్థం కాలేదు.

రేకుముక్క తీసి, గొట్టాలు శుభ్రం చేసి, అన్నీ బిగించి, ఇంజను ఆడించిన రోజున షెడ్డులో ఆలుమగలిద్దరే ఉన్నారు. వెనకనుంచి నీలంగా కాస్త పొగ వచ్చింది. మేస్త్రి ఇంజను పక్కన పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

"విన్నావా? అంత పెద్ద ఇంజను, గాలి వీస్తున్నంత చప్పుడు కూడా లేదు!"

వెనక సీటు బిగిస్తున్న భార్య తల బయటపెట్టింది. "బాగుంది కానీ, ముందువైపు ఆ కిచకిచ ఏంటండీ?"

"కిచకిచా? ఏం లేదే."

ఆవిడ దిగి వచ్చింది. "ఇదిగో, ఇక్కడ. ఇంత గట్టిగా వస్తుంటే!"

ఆయన స్క్రూడ్రైవర్ ఆనించాడు. రేడియేటర్ వెనక, పైన, కింద. గుసగుస తప్ప ఏమీ లేదు. తలెత్తేసరికి భార్య తనని చూస్తోంది. ఆవిడ ముఖంలో వేళాకోళం లేదు. ఈసారి లారీని అడిగి రావలసిన పని లేదని ఆయనకు అర్థమైంది. మోటు చప్పుళ్ళు మిగిలాయి, కీచుమనే సన్నవి పోయాయి. ఏడుపొచ్చింది ఆయనకు. దాచుకోలేదు.

స్క్రూడ్రైవర్ కింద పెట్టి అడిగాడు. "ఎలా ఉంది చప్పుడు? చెప్పు. తెంపు లేకుండానా, ఆగి ఆగా?"

"ఆగి ఆగి. మిషను బెల్టు వదులైతే చక్రం తిరిగినప్పుడల్లా ఒకచోట రాసుకుంటుందే, అలాగ."

"వేగం పెంచితే?" అంటూ ఆయన ఇంజను జోరు పెంచాడు.

ఆవిడ చెవి ఒగ్గి వింది. "తగ్గింది."

"అయితే గొలుసు. గొట్టాల్ని ఆడించే గొలుసు సాగింది" అన్నాడు ఆయన. అన్నాక ఒక్క క్షణం ఆశ్చర్యపోయాడు. వినకుండానే తెలిసింది.

ఆవిడ మాత్రం ఇంజను వైపు చూడడం లేదు. "నేను పిలిస్తే పలికేవారు కాదు" అంది. "నాతో మాట్లాడడం ఇష్టం లేదనుకున్నాను. ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను."

ఆయన ఇంజను ఆపేశాడు. ఆవిడ కుట్టుమిషను దగ్గరి ముక్కాలిపీట లాక్కొచ్చి, ఆవిడకు బాగా దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు.

"అప్పుడు పిలిచి ఏం చెప్పాలనుకున్నావో, ఇప్పుడు చెప్పు" అన్నాడు.

"ఒకటా రెండా?" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "ముందు ఆ గొలుసు సంగతి చూడండి."

"గొలుసు ఎక్కడికీ పోదు. నువ్వు చెప్పు. కొంచెం గట్టిగా."