ఆగ్నేయ మూల జనరేటరు

2022 ఎండాకాలం. పుంగనూరు బయట బట్టలు కుట్టే ఒక ఫ్యాక్టరీ నుంచి నాకు ఫోనొచ్చింది. మదనపల్లెలో నాది ఫ్యాన్లు, డక్టులు బిగించే పని. డక్టు అంటే గాలిని మోసుకుపోయే రేకు గొట్టం. ఈ పని నాకు ఏ కాలేజీ నేర్పలేదు. పాత ఫ్యాన్లు విప్పి, పక్కన డిక్షనరీ పెట్టుకుని కంపెనీ పుస్తకాలు చదివి నేర్చుకున్నాను.

హాలు ఉడికిపోతోంది, ఫ్రెష్ ఎయిర్ ఫ్యాను ఇంకా పెద్దది వేయమన్నాడు మేనేజర్ రెడ్డెప్ప. బయటి గాలిని లోపలికి లాగేది ఆ ఫ్యాను. మిషన్లకు నూనె పోయడం ఏ ఫ్యాక్టరీలోనూ మరిచిపోరు. మనుషులు పీల్చేదేమిటని మాత్రం ఒక్కడూ అడగడు. నా కోపం ఈనాటిది కాదు.

నిచ్చెనెక్కి కొలతలు తీసుకుంటుంటే కింద రెడ్డెప్ప గొంతు వినబడింది. కాలర్లు కుట్టే షహనాజ్‌తో మాట్లాడుతున్నాడు.

"నీకు మూర్ఛ ఉండాదమ్మా. మిషను మీద పడితే అది నా మెడకు సుట్టుకుంటాది. రేపట్నుంచి రావద్దు."

"మూర్ఛ లేదని డాక్టరు చెప్పినాడు కదా సార్! ఇంట్లో బాగానే ఉంటాను. ఈడ కూర్చుంటేనే తల తిరుగుతాది."

"యాడా రాని రోగం నా హాల్లోనే వస్తాదా?"

పక్క మిషను దగ్గర సదుం నుంచి వచ్చే ఈశ్వరమ్మ తలెత్తింది. "కరెంటు పోతేనే వస్తాది సార్. కరెంటాఫీసోళ్లతో ఆయమ్మకు ఏం సుట్టరికమో!"

హాలంతా నవ్వింది. షహనాజ్ కళ్లు తుడుచుకుంది. నేను నిచ్చెన దిగి ఆమె దగ్గరికి పోయాను.

"కరెంటు పోతే ఏమైతాదమ్మా?"

"జనరేటరు వేస్తారప్పా. కొంచేపటికి తల నొప్పి, కడుపులో తిప్పుడు. ఆమీట కళ్లు చీకట్లు."

"పొగ వాసన రాదా?"

"ఇస్త్రీ ఆవిరి, మిషను నూనె, మరకలు తీసే మందు. ఇన్నిట్లో ఏ వాసన యాడిదో ఎట్ల తెలుస్తాది?"

డక్టు నోరు సరిగ్గా ఆమె తల మీద ఉంది. రెడ్డెప్పను వెంటబెట్టుకుని బయటికి పోయాను. తూర్పు గోడకు దక్షిణపు చివర ఆ ఫ్రెష్ ఎయిర్ ఫ్యాను. దాని కిందే జనరేటరు, పొగ గొట్టం పైకి చూస్తోంది.

"దీన్ని ఈడ ఎప్పుడు పెట్టినారు?"

"ఉగాదికి. ముందు పడమటి పక్క ఉండేది. ఆర్డర్లు తగ్గినాయని ఓనరు వాస్తు ఆయన్ని పిలిపించినాడు. నిప్పు ఆగ్నేయంలో ఉండాలంట."

"ఆయమ్మకు తల తిరిగేది ఎప్పట్నుంచి?"

రెడ్డెప్ప వేళ్ల మీద లెక్కేశాడు. "ఉగాది దాటినాకనే," అన్నాడు.

జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికంటూ వాసన లేదు, రక్తంలో ప్రాణవాయువు చోటు లాక్కుంటుంది. కరెంటు పోతే ఫ్యాను తిరిగేది కూడా జనరేటరు మీదే. అది ఆ పొగను లాగి షహనాజ్ నెత్తిన పోస్తోంది. నన్ను ఇంకా పెద్ద ఫ్యాను వేయమన్నారు! రెడ్డెప్ప గదిలో ఉన్నది స్ప్లిట్ ఏసీ. అది గదిలో గాలినే చల్లబరుస్తుంది, బయటిది తేదు. అందుకే ఆయన తల ఎన్నడూ తిరగలేదు. ఇదంతా రెడ్డెప్పకు చెప్పి, జనరేటరు జరపమన్నాను.

"జరిపితే ఓనరు ఒప్పుకోడు పెద్దాయనా."

"మీ నిప్పు ఆగ్నేయంలోనే ఉండనీప్పా. పొగ గొట్టం కప్పు దాటిస్తా, ఫ్యాను నోరు ఉత్తరం గోడకు మారుస్తా. అంతవరకు జనరేటరు వేస్తే ఆడోళ్లను బయట కూర్చోబెట్టు. ఆయమ్మను మాత్రం పంపించొద్దు."

పని ముగిశాక కరెంటు చాలాసార్లే పోయింది. షహనాజ్‌కు ఏమీ కాలేదు. నేను చివరిసారి చూసి పోదామని వెళ్లిన రోజు రెడ్డెప్ప ఆమెతో, "ఇంక భయం లేదమ్మా, నీ పని నీదే," అంటున్నాడు.

ఆమె కదల్లేదు. "నాకు మూర్ఛని హాలంతా వినేట్టు చెప్పినావు సార్. లేదని నాకొక్కదానికే చెప్తే సరిపోతాదా?"

రెడ్డెప్ప నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. మిషన్లు ఆపించి, హాలు మధ్యలో నిలబడి చెప్పాడాయన: "షహనాజ్‌కు ఏ రోగమూ లేదు. జనరేటరు పొగ లోపలికొచ్చింది."

"అదే వచ్చిందా సార్, ఎవరన్నా పిలిచినారా?" అంది ఈశ్వరమ్మ.

"మేమే తెచ్చినాం," అన్నాడు. ఈసారి షహనాజ్ కూడా నవ్వింది.

మనిషి పడిపోతే మనిషిలోనే జబ్బు వెతుకుతాం. కట్టడాన్ని పరీక్ష చేయాలని తోచదు. ఈమధ్య కుప్పంలో కొత్త షెడ్డు కోసం పిలిచారు. ఎంత పెద్ద ఫ్యాను పెడితే బాగుంటుందని ఇంజనీరు అడిగాడు. జనరేటరు ఏ మూలో ముందు చెప్పమన్నాను. ఆ తర్వాత, దాని పక్క గోడకు ఆనుకుని ఎవరు కూర్చుంటారో చెప్పమన్నాను.