పల్లకి కింద నిలబడ్డ మనిషి

నా చిన్నప్పుడు మా వాడకట్టులో సినిమాను చూసినవాళ్లకన్నా విన్నవాళ్లే ఎక్కువ. మధ్యాహ్నం వంటలయ్యాక ఆడవాళ్లంతా మా అరుగు మీద చేరి, చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. పెద్దపల్లికి పోయి సినిమా చూసొచ్చిన మనిషి కథ చెప్పాలి. చెప్పినంతసేపూ ఆమె వంతు ఆకును మిగతావాళ్లు తలా ఇంత తీసుకుని చుట్టిపెట్టాలి. కథ చప్పగా ఉందా, ఇక ఎవరి ఆకు వాళ్లదే. అదీ మా కట్టుబాటు.

ఒకసారి మా అమ్మ జ్వరంతో పడుకుంది. పొద్దుగూకేలోపు ఆమె బీడీలు కార్ఖానాలో ఇవ్వకపోతే మరునాడు ఆకు ఇవ్వరు. నేను చుడితే బీడీ ఎలుక తోకలా వంకర తిరిగేది. అయినా నాకేం ఫికర్ లేదు. ముందురోజే మేనమామ వెంట సినిమా చూసొచ్చాను, నోరా నాకు బాగానే ఉంది. అమ్మ చేట తెచ్చి మధ్యలో పెట్టి కూర్చున్నాను.

అబ్బ, ఏం సినిమా అది! బోయీలు లేకుండా ఆకాశంలో తేలిపోయే పల్లకి. దాని కింద పాలనురుగు లాంటి మబ్బులు, ఆ మబ్బుల్లోంచి మెల్లగా లేచే బంగారు కోట. చెబుతుంటే ఎండా, తంబాకు ఘాటూ ఎటో పోయి, నేనే ఆ పల్లకిలో ఊగుతున్నట్టయింది. కానీ వినేవాళ్ల కళ్లు ఆకు మీద ఉంటాయి కదా. మబ్బుల్ని ఎంతసేపని వింటారు? తండ్రి రోగానికి మందు పువ్వు తేవాలని రాకుమారుడు కొత్త పెళ్లాన్ని వదిలి పల్లకి ఎక్కాడు అనగానే, ఎదురింటి పెద్దమ్మ తలెత్తకుండానే మిగతా కథంతా చెప్పేసింది. పువ్వుకు కాపలాగా రాక్షసుడు, వాడి ప్రాణం ఇంకెక్కడో. ఒక్క ముక్క తప్పలేదు. అందరూ నవ్వి, ఎవరి ఆకు వాళ్లు అందుకున్నారు. అమ్మ చేట నిండుగా అట్లాగే ఉంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

పక్కింటి వదిన మాత్రం చేతిలో ఆకు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. ఆమె భర్త దుబాయ్ పోయి ఏడాది దాటింది.

"పల్లకి లేస్తుంటే ఆయన పెండ్లాం కిందనే ఉన్నదా?" అని అడిగింది.

ఉందన్నాను.

"ఎంత దూరం దాక చూసింది?"

"సినిమాల చూపెట్టలే వదినా."

"చూపెట్టకుంటే ఏమాయె, నేను చెప్త తియ్యి" అంటూ అమ్మ చేటలోంచి పిడికెడు ఆకు తీసుకుంది.

ఆ పిల్ల నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసిందట. పల్లకి పిట్టంత అయిందట. తర్వాత ఏదో పిట్ట పోతుంటే అదే పల్లకి అనుకుని దాన్నే చూస్తూ నిలబడిందట. ఇంట్లోకొచ్చి, అలవాటు కొద్దీ ఇద్దరికీ బియ్యం పోసిందట. అప్పుడు ఏడవలేదట. తెల్లారి ఆ మిగిలిన అన్నం తింటుంటే వచ్చిందట ఏడుపు.

ఎవరూ నవ్వలేదు. తర్వాత ఏమైందని అడిగింది ఎవరనుకున్నారు, ఆ పెద్దమ్మే! వదిన చెబుతూనే ఉంది, ఒక్కొక్కరే చెయ్యి చాచి ఆకు తీసుకుంటూనే ఉన్నారు. పొద్దు వాలేసరికి అమ్మ చేట ఖాళీ అయింది. అదే రాకుమారుడు, అదే పువ్వు, కథ ఏమీ మారలేదు.

ఇప్పుడు మా మనవలు నన్ను పెద్ద థియేటర్లకు తీసుకుపోతారు. కొండలు గాల్లోకి లేస్తుంటే నేనూ నోరు తెరుచుకునే చూస్తాను, అబద్ధమెందుకు. కథ పాతదేనని మనవడు విసుక్కుంటాడు. పాతదైతే పాతదే, నాకేం పట్టింపు లేదు. తెర మీద అందరూ పైకి చూస్తుంటే, నేను మాత్రం కింద నిలబడి చూస్తున్న మనిషి ఎక్కడుందా అని వెతుకుతాను. కనబడకపోతే, ఇంటికొచ్చేదాకా ఆమె కథ నేనే అల్లుకుంటూ ఉంటాను.