అమ్మ అడిగిన కుళాయి, నేను చెప్పిన బెంగాలీ

బెంగాలీవాళ్ల ఊరికి వలసొచ్చి భవానీపూర్‌లో వీధులూడ్చే తెలుగు కార్పొరేషన్ పనివాళ్ల క్వార్టర్లలో కాలేజీ దాకా వెళ్లిన మొదటివాణ్ణి నేను. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి నాలుగైదేళ్లయిన రోజులవి. అణగారినవాళ్ల మనస్తత్వం మీద రెండు పుస్తకాలు సగం సగం చదివి, తరతరాల అణచివేత మనిషి గొంతు నొక్కేస్తుందని తెలుసుకున్నాను. అప్పటినుంచి, వీధులూడ్చి వచ్చే మా అమ్మకేసి జాలిగా చూడటం మొదలుపెట్టాను.

"ఏటలా సూస్తన్నావు? జొరమేటి?" అనేది అమ్మ.

ఒక ఆదివారం యూనియన్ నాయకుడు మా క్వార్టర్లకు వచ్చాడు. ఆయన బెంగాలీ, మావాళ్లది తెలుగు. మధ్యలో చెప్పే పని నాది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆయన పక్కనే కుర్చీ వేసుకున్నాను.

అమ్మ లేచింది. "పనినుంచొచ్చినాక కడుక్కోడానికి నీళ్లు నేవు. ఆ సేతుల్తోనే పొయ్యికాడికెల్తన్నాం. ఆడోల్లకో గది, ఓ కుళాయి ఇప్పించమను."

నాకది మరీ చప్పగా తోచింది. "శతాబ్దాల అవమానం వీళ్లలో న్యూనతాభావంగా గడ్డకట్టింది, దాదా. తమకేం కావాలో కూడా చెప్పుకోలేరు" అని బెంగాలీలో వివరించాను. నాయకుడు తలాడించాడు. ఆ ఊపుతో ఇంకో పది నిమిషాలు దంచాను.

అమ్మ ఇంకా కూర్చోలేదు. నేరుగా ఆయనతోనే, "దాదా, ఛేలే ఒన్నో కొథా బోల్ఛే. ఆమ్రా కొల్ చేయేఛి" అంది. అబ్బాయి వేరే ఏదో చెబుతున్నాడు, మేమడిగింది కుళాయి అని. ఆపైన ఎంతమంది ఆడవాళ్లున్నారో, పైపు ఎక్కణ్ణుంచి లాగొచ్చో, నాకన్నా శుభ్రమైన బెంగాలీలో చెప్పింది.

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. ఇరవై ఏళ్లుగా బెంగాలీవాళ్ల గుమ్మాల ముందు ఊడుస్తున్న మనిషికి బెంగాలీ వచ్చా అని నాకెన్నడూ అనుమానం రాలేదు. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది కదా, రాదని తేల్చేశాను.

"నీకు వచ్చని ముందే చెప్పొచ్చుగా!" అన్నాను తర్వాత, ఉడుక్కుంటూ.

"నువ్వడిగినావేటి? సదువుకున్న కొడుకు నలుగుర్లో మాటాడతన్నాడని ముచ్చటపడినాను. కుళాయి మింగెత్తావనుకోనేదు."

మర్నాడు అర్జీ రాయించింది. మొదటి పేరాలో నేను మళ్లీ అణచివేత చరిత్ర ఎత్తుకున్నాను. చదివించుకుని విని, కొట్టేయించింది. ముగ్గురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని కార్పొరేషన్ ఆఫీసు చుట్టూ తిరిగింది. నేను బయట బెంచీ మీద కూర్చునేవాణ్ణి, పిలిస్తే వెళ్దామని. ఎవరూ పిలవలేదు.

వానాకాలం నాటికి కుళాయి వచ్చింది. గది రాలేదు. దానికోసం వాళ్లు మరో రెండేళ్లు తిరిగారు.