మలీద మీద పడ్డ నింద

పశువుల దవాఖానలో మా కుక్కను చూస్తూ డాక్టరమ్మ "దీనికేం పెట్టిన్రు?" అని అడిగినప్పుడు నేను దాని మెడపట్టా సర్దుతున్నట్టు వంగాను. పక్కన నిలబడ్డ మా అత్తమ్మే చెప్పింది: "నిన్న రెండు మలీద ముద్దలు పెట్టిన, బిడ్డా." సద్దుల బతుకమ్మకు రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ఆమె చేసిన మలీద అది. కానీ మా కుక్క తిన్నది అదొక్కటే కాదు.

మా ఇంట్లో దసరాకు మేక పేగులతో బోటి కూర వండే పని నాది. ఆ రోజు పెరట్లో పొయ్యి దగ్గర నేను, ఎదురుగా తోక ఊపుతూ కుక్క. రుచి చూడమన్నట్టు ఒక బోటి ముక్క వేశాను. అది నా వంక చూసిన చూపుకు కరిగి రెండు గరిటెలు వేశాను. ఉల్లిగడ్డ, కారం, మసాలా, పైన తేలిన కొవ్వు, అన్నీ కలిపే. "మన కంచంలోది కుక్కకు ఎవ్వరూ పెట్టొద్దు" అని అంతకు నెల ముందే ఇంట్లో హుకుం వేసిన మనిషిని నేనే.

సాయంత్రం జమ్మి ఆకు పంచి ఇంటికొచ్చేసరికి అది పెదవులు నాక్కుంటూ, వీపు వంచి, గోడవార గడ్డి కొరుకుతోంది. కడుపులో గుడగుడ. రెండుసార్లు కక్కింది. తెల్లారేసరికి విరేచనాలు.

డాక్టరమ్మ చిగుళ్లు నొక్కి చూసింది. మెడ మీద తోలు లాగి వదిలి, ఒంట్లో నీళ్లు మరీ తగ్గలేదంది.

"మలీదకే గింత కావద్దు. కూర గిట్ట ఏమన్న పెట్టిన్రా? ఉల్లిగడ్డ తింటే కుక్కలకు నెత్తురు తగ్గుతది. చెప్తే కనిపెట్టుకుంటం."

నేను తల అడ్డంగా ఊపాను.

సూది వేసి, ఆ పూట తిండి ఆపమంది. నీళ్లు కొద్దికొద్దిగా తాగించి, తరువాత ఉప్పూ కారం లేని మెత్తటి అన్నం, తోలు తీసి ఉడికించిన కోడి మాంసం కొంచెం కొంచెంగా పెట్టమంది. మనుషుల గోలీలు వద్దు. మళ్లీ కక్కినా, నెత్తురు పడినా, చిగుళ్లు తెల్లబడినా వెంటనే తీసుకురావాలి.

వారం రోజులు దొంగచాటుగా దాని చిగుళ్లు చూశాను. నా భార్య పట్టేసింది: "ఏంది, దాని పండ్లు లెక్కవెడుతున్నవా?"

చాకిరీ అంతా అత్తమ్మదే. అన్నం పిసికి, ఊదిఊది పెట్టేది. "ఉప్పు లేదని మా అల్లుని లెక్క మూతి ముడుస్తలేదు, సూడు!" అని నన్ను చూపి నవ్వేది. మూడో రోజు పెరట్లో కుక్క దొడ్డికి పోయింది చూసి ఆమె వేసిన కేక వాడంతా వినబడింది: "గట్టిపడ్డది! గట్టిపడ్డది!"

గోడ అవతల పక్కింటామె: "ఏంది వదినా, పెరుగా?"

ఆ నవ్వులు తగ్గడానికి చాలాసేపు పట్టింది. కుక్క అరుగు మీద నుంచి దూకి గేటు దాకా ఉరికి, మళ్లీ వచ్చి అత్తమ్మ చీర కొంగు లాగింది.

కానీ ఇంటికి ఎవరొచ్చినా నా భార్య తన తల్లిని ఆటపట్టిస్తూ "మా అవ్వ మలీదకు కుక్క పడిపోయింది" అని చెప్పేది. అత్తమ్మ కూడా నవ్వేది. నేనూ నవ్వాను. మెల్లగా అత్తమ్మ కుక్క గిన్నె ముట్టడం మానేసింది. మరుసటి ఏడు బతుకమ్మకు తంగేడు పూలు పేరుస్తూ ఆడవాళ్లంతా అత్తమ్మను మలీద చేయమని అడిగారు.

"దుకాణంల తెద్దాం. నా చేతిది మంచిగ లేదు" అంది అత్తమ్మ.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను పూల మధ్య జాగ చేసుకుని ఆమె ముందు కూర్చున్నాను.

"ఏమైంది అల్లుడా?"

"అత్తమ్మా, దాని కడుపు చెడగొట్టింది నీ మలీద కాదు, నా బోటి కూర. రెండు గరిటెలు పెట్టిన. డాక్టరమ్మ అడిగినా అబద్ధమాడిన."

"హుకుం వేసినాయననే!" నా భార్య చేతిలోంచి పూలు జారిపోయాయి.

నేను అత్తమ్మ వైపే చూస్తూ చెప్పాను.

"ఏడాది పొడుగునా నువ్వు మాట పడుతుంటే నేను గూడ నవ్విన. తప్పైంది అత్తమ్మా. నన్ను మన్నించు."