పేరు చెప్పి వాయించాలట

హైదరాబాద్ నుంచి ఒంటరిగా బైక్ మీద వెళ్ళి, బెంగళూరు కుందలహళ్ళిలో ఒక చిన్న హాల్లో వాయించాను. పాటా తాళమూ లేని సంగీతం నాది. వయొలిన్ కమానుతో ఇనుప రేకును రుద్దితే వచ్చే మోత. విన్న పదిమందీ మర్యాదగా చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు. హాలు ఊడ్చే, కదిరి నుంచి వచ్చిన ఒకామె మాత్రం దగ్గరికొచ్చి అడిగింది.

"ఎవురు పోయినారప్పా?"

ఉలిక్కిపడ్డాను. అన్న చనిపోయాక చేసిన సంగీతమది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"మా అన్న," అన్నాను.

"మా తట్టు పోయినోళ్ళ పేరు చెప్పి వాయిస్తారప్పా. లేకుంటే తనకేనని ఆయప్పకు ఎట్ల తెలుస్తాది?"

చీపురు పక్కన పెట్టి, ఆమె నా ఎదురుగా నేలమీద కూర్చుంది.

"రఘు," అన్నాను, అన్న పోయిన ఏడాదికి మొదటిసారి ఆ పేరు పలుకుతూ. మళ్ళీ కమాను అందుకున్నాను.