తాత చెప్పిన పదహారు

ఆ మృగాల ఆసుపత్రిలో అందరూ ఆయన్ని లెక్కల తాత అంటారు. బడిలో లెక్కల పంతులు కనిపిస్తే గోడ దూకి పారిపోయిన మనిషికి ఆ పేరేమిటో! మత్తులో ఉన్న జంతువు డొక్క మీద అరచేయి ఆనించి, నిమిషానికి ఎన్ని ఊపిర్లో చెప్పడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. ఊపిర్లు పెరిగితే మత్తు దిగుతున్నట్టు, బాగా తగ్గితే ప్రాణం మీదకొస్తున్నట్టు. శిక్షణకొచ్చే పశువైద్య విద్యార్థులు ముందుగా ఆ చేతిని నమ్మడం నేర్చుకోవాలి.

ఆ చేతికి స్పర్శ పోయి రెండు నెలలైంది. చక్కెర జబ్బు. ఈ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. చెబితే ఇంట్లో కూర్చోమంటారు, అంతకన్నా చావు నయం అనుకున్నాడు. కంటికి ఆనినంత చూసి, అలవాటుకొద్దీ ఓ అంకె చెప్పి నెట్టుకొస్తున్నాడు.

పోయిన నెల ఎలుగుబంటి బల్ల మీదే ఊపిరాగి చచ్చిపోయింది. దానికి మత్తుమందు కొలిచింది తాత మనవరాలే, ఆమె కూడా అక్కడ శిక్షణలో ఉన్న విద్యార్థే. మందు ఎక్కువైందని నింద ఆమె మీద పడింది. అప్పటినుంచి పిల్లకు తిండి సహించడం లేదు, చేతులు వణుకుతున్నాయి. ఈ ఉదయం చిరుత పళ్లు పరీక్షించడం ఆమెకిచ్చిన ఆఖరి అవకాశం.

చిరుత దవడల మధ్య చెక్క దిమ్మ పెట్టారు. నాలుకకు తగిలించిన, నాడి చూపే యంత్రం అడ్డమని తీసేశారు. ఇక తాత చెయ్యే దిక్కు.

"ఎంత తాతా?" అంది డాక్టరమ్మ.

"పదహారు."

మనవరాలు మణికట్టు దాకా చెయ్యి చిరుత నోట్లో పెట్టింది. ఆ చెయ్యి వణకలేదు. నెల తర్వాత మొదటిసారి పిల్ల నవ్వింది కూడా. తాతకు ప్రాణం లేచొచ్చింది. అంతలో చిరుత తోక కొస కదిలింది. గాలేమో అనుకున్నాడు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

"ఇప్పుడెంత?"

తాత అరచేతిని డొక్కకు ఇంకా గట్టిగా అదిమాడు.

"చెయ్యి తీసెయ్ తల్లీ!"

"ఒక్క పన్నే తాతా. నీ చెయ్యి ఉందిగా, నాకేం భయం!"

"తియ్యమంటుంటే! నా చేతికి ఏమీ తెలియట్లేదే! రెండు నెలలైంది!"

డాక్టరమ్మ పిల్లను రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. చెక్క దిమ్మ పటుక్కున విరిగింది. డాక్టరమ్మ చిరుతకు మరో మత్తు సూది వేసింది.

మనవరాలు తన వేళ్లు చూసుకుంది. అన్నీ ఉన్నాయి. తర్వాత మెల్లగా తాత వైపు తిరిగింది.

"ఎలుగుబంటప్పుడు ఎంత చెప్పావు తాతా?"

ఆయన చెయ్యి ఇంకా చిరుత డొక్క మీదే ఉంది.

"పదహారేనమ్మా," అన్నాడు.